చుక్కల పేరును కోడ్ జనరేటర్‌కు వదిలేయకండి

కంపైలర్లు రాసేవాళ్ళలో ఒక అభిప్రాయం బాగా పాతుకుపోయింది. ‘ఉద్యోగి.చిరునామా.పిన్’ లాంటి చుక్కల పేరు ఎదురైతే దాని గురించి ముందుగా బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదని అంటారు. పార్సర్ ఆ పేరును ఉన్నదున్నట్టు సింటాక్స్ ట్రీలో పెట్టి పంపిస్తే చాలంటారు. చివర్లో కోడ్ జనరేటర్ దాన్ని చుక్కల దగ్గర విడగొట్టి, మొదటి ముక్కను సింబల్ టేబుల్‌లో వెతికి, మిగతా ముక్కలకు ఒక్కో ఆఫ్‌సెట్ కలుపుకుంటూ పోతే పని పూర్తవుతుందని, పేర్లు తేల్చడానికి విడిగా ఒక దశ పెట్టడం పుస్తకాల చాదస్తమని వాళ్ళ వాదన. సొంత అవసరాలకు రూల్ ఇంజన్లు, టెంప్లేట్ భాషలు, రిపోర్టు భాషలు కట్టుకునే టీముల్లో ఈ మాటకు ఎదురు చెప్పేవాళ్ళు తక్కువ. మన ఇంజనీరింగ్ కాలేజీల కంపైలర్ లాబుల్లో కూడా యాక్ ఫైలులో వ్యాకరణ సూత్రం పక్కనే కోడ్ రాసి పారేసే చర్యను రాయిస్తారు. పేరు వెతకడమూ కోడ్ పుట్టించడమూ ఒకటే పని అన్న భావన పిల్లల తలకెక్కేది అక్కడే.

ఈ అభిప్రాయం తప్పు. అభిరుచుల తేడా అయితే దీన్ని పట్టుకుని ఇంత రాయాల్సిన పని లేదు. ఈ పద్ధతిలో కట్టిన కంపైలర్ కొన్ని ప్రోగ్రాములను కిమ్మనకుండా ఒప్పుకుని, రాసినవాళ్ళు అనుకోని పనిని యంత్రం చేత చేయిస్తుంది. తప్పు దొరికితే ఆగిపోయే కంపైలర్‌తో బతకొచ్చు. తప్పును చక్కటి మెషీన్ కోడ్‌గా మార్చి చేతికిచ్చే కంపైలర్‌తో బతకలేం.

ఒక పేరు గురించి కంపైలర్ తేల్చుకోవాల్సిన ప్రశ్నలు రెండున్నాయి. ఇది ఏది? అది ఎక్కడ ఉంది? ప్రోగ్రాములోని ఏ డిక్లరేషన్‌ను ఈ పేరు ఉద్దేశించింది అన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు భాష నియమాల్లో ఉంటుంది. స్కోపులు, ఇంపోర్టులు, టైపులు అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నప్పుడే ఆ జవాబు దొరుకుతుంది. ఆ డిక్లరేషన్‌కు మెమరీలో ఏ చోటు దక్కింది, దాన్ని ఏ ఇన్‌స్ట్రక్షన్‌తో అందుకోవాలి అన్నది రెండో ప్రశ్న. అది యంత్రానికి సంబంధించిన సంగతి. కోడ్ జనరేటర్ దాన్ని తేల్చుకోవచ్చు, కావాలంటే ప్రోగ్రాము లోడయ్యే దాకా వాయిదా కూడా వేసుకోవచ్చు. నేను ఖండిస్తున్న అభిప్రాయం ఈ రెండు ప్రశ్నలనూ కలిపేసి రెండింటినీ చివరివాడి నెత్తిన పెడుతుంది. స్థలం హద్దులు సర్వేయరు రాళ్ళు పాతి తేల్చాక మేస్త్రీ పునాది తవ్వాలి. హద్దు ఎక్కడో నువ్వే చూసుకో అని మేస్త్రీకి చెబితే గోడ నిటారుగానే లేస్తుంది, పక్కవాళ్ళ స్థలంలో లేస్తుంది.

మన దగ్గర ఎక్కువమందికి తెలిసిన భాష కాబట్టి జావాతో మొదలుపెడతాను. ‘ఎ.బి.సి’ అన్న పేరును విడిగా చూసి దాని అర్థం చెప్పడం ఎవరి తరమూ కాదు. ‘ఎ’ లోకల్ వేరియబుల్ కావచ్చు, క్లాసు కావచ్చు, ప్యాకేజీ కావచ్చు. ‘బి’ ఆబ్జెక్టులోని ఫీల్డ్ కావచ్చు, స్టాటిక్ ఫీల్డ్ కావచ్చు, లోపలి క్లాసు కావచ్చు, ప్యాకేజీలో ఉన్న క్లాసూ కావచ్చు. ఈ చిక్కు విప్పడానికే జావా లాంగ్వేజ్ స్పెసిఫికేషన్ ఆరో అధ్యాయంలో 6.5 సెక్షన్ ఉంది. పేరు వాడిన సందర్భాన్ని బట్టి ముందు దాన్ని ఒక వర్గంలో వేస్తారు. అది అస్పష్టంగా ఉంటే ఎడమ నుంచి కుడికి వస్తూ మళ్ళీ వర్గీకరిస్తారు. వేరియబుల్, టైపు, ప్యాకేజీ మూడూ ఒకే పేరుతో పోటీపడితే వేరియబుల్‌ది మొదటి హక్కు, తర్వాత టైపుది, ఆ తర్వాతే ప్యాకేజీది. ఈ వరస అంతా ఆ లైను దగ్గర ఏయే పేర్లు స్కోపులో ఉన్నాయన్న దాని మీద ఆధారపడుతుంది. ఒకే మెథడ్‌లో పదో లైనులో ప్యాకేజీగా ఉన్న ‘ఎ’, పన్నెండో లైనులో అదే పేరుతో లోకల్ వేరియబుల్ ప్రకటిస్తే, పదమూడో లైనులో వేరియబుల్ అయిపోతుంది. చుక్కల దగ్గర విడగొట్టిన స్ట్రింగులో ఈ సమాచారం ఎక్కడుంది?

దీనికి అవతలివాళ్ళ దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. స్కోపులను కూడా కోడ్ జనరేటర్ దాకా మోసుకుపోతామంటారు. మోసుకుపోయినా లాభం లేదు, ఎందుకంటే అక్కడికి చేరేసరికి ప్రోగ్రామే మారిపోయి ఉంటుంది. జావాసీ కంపైలర్ పేర్లనూ టైపులనూ తేల్చాక జెనరిక్ టైపులను చెరిపేస్తుంది. తర్వాత ‘లోయర్’ అనే దశలో లోపలి క్లాసులను విడదీసి మామూలు క్లాసులుగా మారుస్తుంది. ఇవన్నీ అయ్యాకే ‘జెన్’ అనే దశ బైట్‌కోడ్ పుట్టిస్తుంది. ఉద్యోగుల లిస్టులోంచి ఒకరిని తీసి ‘.జీతం’ అని అడిగారనుకోండి. టైపులు చెరిపేశాక ఆ లిస్టు ఇచ్చేది ఉత్త ‘ఆబ్జెక్ట్’. ఆబ్జెక్ట్ క్లాసులో జీతం అన్న ఫీల్డ్ లేదు. పేరు తేల్చడాన్ని చివరికి నెట్టినవాళ్ళు ఇక్కడ సరైన ప్రోగ్రామును తప్పని తిప్పి పంపాలి, లేదా చెరిపేసిన టైపులను మళ్ళీ ఊహించి తెచ్చుకోవాలి. లోపలి క్లాసు సంగతీ అంతే. అది వాడుకున్న బయటి లోకల్ వేరియబుల్ ‘లోయర్’ దశ దాటేసరికి కంపైలర్ సొంతంగా పుట్టించిన ఫీల్డ్ అయిపోతుంది. 2018లో వచ్చిన జేడీకే 11కు ముందైతే, బయటి క్లాసు ప్రైవేటు ఫీల్డును లోపలి క్లాసు చదవడానికి కంపైలర్ దొంగచాటుగా మెథడ్లు కూడా సృష్టించాల్సి వచ్చేది. ఈ మార్పుల తర్వాత పాత పేరుతో వెతికితే ఏమీ దొరకదు, లేదా దొరకకూడనిది దొరుకుతుంది.

జావాలో చుక్క వెనక దాగిన చిత్రాలు ఇంకా ఉన్నాయి. అరే పక్కన రాసే ‘.లెంగ్త్’ చూడటానికి ఫీల్డులా ఉంటుంది, జేవీఎంలో అలాంటి ఫీల్డే లేదు. దానికి విడిగా ఒక ఇన్‌స్ట్రక్షన్ ఉంది. నల్ రిఫరెన్స్ మీద చుక్క పెట్టి స్టాటిక్ ఫీల్డును చదివినా నల్ పాయింటర్ ఎక్సెప్షన్ రాదు. స్థిరమైన విలువతో ప్రకటించిన స్టాటిక్ ఫైనల్ ఫీల్డును వాడితే ఆ విలువే వాడినచోట పడిపోతుంది, క్లాసు ఫైలులో ఆ ఫీల్డు ప్రస్తావన కూడా మిగలదు. అందుకే లైబ్రరీలో అలాంటి విలువ మార్చి, దాన్ని వాడిన క్లాసులను మళ్ళీ కంపైల్ చేయకపోతే అవి పాత విలువతోనే నడుస్తాయి. ఒకే రూపంలో ఉన్న చుక్కకు ఇన్ని అర్థాలున్నప్పుడు ‘ఆఫ్‌సెట్ కలుపుకుంటూ పోవడం’ అన్న సూత్రం ఏ ఒక్కదానికి సరిపోతుంది?

ప్రాపర్టీలున్న భాషల్లో ఈ పద్ధతి మరీ ప్రమాదకరం. యూనిటీలో ఆటలు తయారుచేసే ప్రతి ఒక్కరికీ ఒకరోజు తగిలే దెబ్బ ఒకటుంది. బొమ్మను పక్కకు జరపాలని సీ షార్ప్‌లో ‘ట్రాన్స్‌ఫార్మ్.పొజిషన్.ఎక్స్ = 5’ అని రాస్తారు. కంపైలర్ సీఎస్ 1612 అన్న ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. రెండు చుక్కలున్న ఈ చిన్న పేరులో మూడు రకాల సభ్యులున్నారు. ‘ట్రాన్స్‌ఫార్మ్’ ఒక ప్రాపర్టీ, అది ఒక ఆబ్జెక్టుకు రిఫరెన్స్ ఇస్తుంది. ‘పొజిషన్’ కూడా ప్రాపర్టీయే, కానీ అది ఇచ్చేది వెక్టర్3 అనే స్ట్రక్ట్, అంటే విలువ తాలూకు నకలు. ‘ఎక్స్’ మామూలు ఫీల్డు. పేరును చుక్కల దగ్గర విడగొట్టి నడిచే కోడ్ జనరేటర్ ఇక్కడ ఏం చేస్తుంది? మొదటి గెటర్‌ను పిలుస్తుంది, రెండో గెటర్‌ను పిలుస్తుంది, వచ్చిన నకలును తాత్కాలికంగా ఒక చోట పెడుతుంది, దాని ‘ఎక్స్’లో 5 రాస్తుంది. ప్రతి ఇన్‌స్ట్రక్షనూ సక్రమమైనదే. ప్రోగ్రాము నడుస్తుంది, ఎక్సెప్షన్ రాదు, తెర మీద బొమ్మ మాత్రం అంగుళం కూడా కదలదు. 5 రాసింది పారేయబోయే నకలు మీద.

సీ షార్ప్ కంపైలర్ ఈ తప్పును ఎలా పట్టుకుంటుందో గమనించండి. భాష స్పెసిఫికేషన్ ప్రకారం చుక్క ఉన్న ప్రతి ఎక్స్‌ప్రెషన్‌కూ ఒక వర్గం ఉంటుంది. అది వేరియబులా, విలువా, ప్రాపర్టీ యాక్సెసా, టైపా, నేమ్‌స్పేసా, మెథడ్ గ్రూపా అన్నది ముందే నిర్ణయమవుతుంది. విలువగా తేలిన స్ట్రక్ట్ ఫీల్డు కూడా విలువే అవుతుంది, విలువకు ఏదీ రాయకూడదు. రోజ్లిన్ అనే ఆ కంపైలర్‌లో ఈ నిర్ణయం బైండింగ్ దశలో జరుగుతుంది. సింటాక్స్ ట్రీ అక్కడ బౌండ్ ట్రీగా మారుతుంది, ప్రతి పేరు పక్కనా అది ఉద్దేశించిన సింబల్ చేరుతుంది. ప్రాపర్టీ చదవడాలు, రాయడాలు గెటర్, సెటర్ పిలుపులుగా మారేది దాని తర్వాతి దశలో. ఇన్‌స్ట్రక్షన్లు పుట్టించే భాగానికి చేరేసరికి ‘పొజిషన్’ అన్న పేరును వెతకాల్సిన అవసరమే మిగలదు.

ఇదే చోట ‘+=’ సంగతీ చెప్పాలి. ఎడమవైపు చుక్కల ఎక్స్‌ప్రెషన్ ఉండి, అందులో ఒక ఫంక్షన్ పిలుపు ఉంటే, ఆ పిలుపు ఒక్కసారే జరగాలి. పేరును ముక్కలు చేసుకుని నడిచే జనరేటర్ చదవడానికి ఒకసారి, రాయడానికి ఒకసారి నడుస్తుంది. డబ్బు లెక్కలు చూసే ప్రోగ్రాములో ఆ ఫంక్షన్ రెండుసార్లు నడిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. 2015లో సీ షార్ప్ 6 తెచ్చిన ‘?.’ గుర్తు ఇంకో దెబ్బ. ‘ఎ?.బి.సి’లో ‘ఎ’ నల్ అయితే గొలుసు మొత్తం అక్కడే ఆగి నల్ వస్తుంది. అదే ‘(ఎ?.బి).సి’ అని బ్రాకెట్లు పెడితే ఎక్సెప్షన్ వస్తుంది. చుక్కల పేరును వరసగా పేర్చిన ముక్కలనుకున్నవాళ్ళకు ఈ తేడా పట్టుబడదు.

‘పాతకాలంలో అందరూ ఇలాగే చేశారు కదా’ అన్నది ఎక్కువగా వినిపించే సమర్థన. చరిత్రను సాక్ష్యానికి పిలిస్తే అది వాళ్ళకు వ్యతిరేకంగా చెబుతుంది. 1970ల తొలి సీ భాషలో స్ట్రక్చర్ సభ్యుల పేర్లు నిజంగానే అలా ఉండేవి. ఎడమవైపు పాయింటర్ ఏ టైపుదో కంపైలర్ పెద్దగా పట్టించుకునేది కాదు. సభ్యుడి పేరు అంటే ఒక ఆఫ్‌సెట్, ఒక టైపు, అంతే. డెనిస్ రిచీ తన భాష పుట్టుక గురించి 1993లో రాసిన పత్రంలో ఈ సంగతి దాచుకోకుండా చెప్పాడు, పీఎల్/1 ప్రభావంతో అలా జరిగిందని ఒప్పుకున్నాడు. దాని ఫలితం ఏమిటి? అన్ని స్ట్రక్చర్ల సభ్యులూ ఒకే పేర్ల గుంపులో పడ్డారు. రెండు స్ట్రక్చర్లలో ఒకే పేరు వేర్వేరు చోట్ల ఉండటానికి వీల్లేకపోయింది. అందుకే ప్రోగ్రామర్లు ప్రతి సభ్యుడి పేరుకూ ముందు ఒక గుర్తు తగిలించాల్సి వచ్చింది. యూనిక్స్ ఫైలు వివరాలిచ్చే స్ట్రక్చర్‌లో సైజును ఈనాటికీ ‘ఎస్‌టి_సైజ్’ అని, తేదీ స్ట్రక్చర్‌లో సంవత్సరాన్ని ‘టిఎమ్_ఇయర్’ అని రాస్తున్నామంటే కారణం అదే. ప్రతి స్ట్రక్చర్‌కూ దాని పేర్లు దానికే ఉండాలన్న నియమం తర్వాత స్థిరపడింది, 1989 ఆన్సీ సీ ప్రమాణంలోకి ఎక్కింది. పేరును నేరుగా ఆఫ్‌సెట్‌గా చూసే పద్ధతిని సీ భాష సొంతంగా నడిపి చూసి, వదిలేసింది. ఆ గుర్తులు మాత్రం యాభై ఏళ్ళ తర్వాత కూడా హెడర్ ఫైళ్ళలో మిగిలాయి.

పాస్కల్ మాటా ఎత్తుతారు. నిక్లాస్ విర్త్ కంపైలర్లు ఒకే నడకలో పార్స్ చేస్తూనే కోడ్ పుట్టించేవని, 1983లో టర్బో పాస్కల్ కూడా అలాగే వచ్చి ప్రపంచాన్ని గెలిచిందని గుర్తుచేస్తారు. నిజమే. కానీ విర్త్ రాసిన కంపైలర్‌ను తెరిచి చూసినవాళ్ళు ఈ మాట అనరు. చుక్క రాగానే పార్సర్ భాగం ఎడమవైపు ఉన్నది రికార్డు టైపు అవునో కాదో చూస్తుంది. ఆ రికార్డులో ఫీల్డును వెతుకుతుంది. దొరికిన డిక్లరేషన్‌ను జనరేటర్ ప్రొసీజర్‌కు అందిస్తుంది. జనరేటర్ దాని ఆఫ్‌సెట్ కలుపుతుంది. రెండు పనులూ ఒకే క్షణంలో జరిగినా చేతులు వేరు. జనరేటర్ ఎన్నడూ పేరు వెతకలేదు. పైగా వాడే ముందు ప్రకటించి తీరాలన్న నియమం ఆ భాషలో ఉంది కాబట్టే ఒక్క నడక సరిపోయింది. 64 కిలోబైట్ల మెమరీలో ఎడిటర్‌తో సహా ఇమడాల్సిన అవసరం వాళ్ళది. మన ఫోన్లలోనే గిగాబైట్లున్నాయి.

ఆలస్యంగా తేల్చడం ఎంత ఖర్చు పెడుతుందో చెప్పడానికి విజువల్ సీ ప్లస్ ప్లస్ చరిత్ర చాలు. టెంప్లేటులో దాని పరామితుల మీద ఆధారపడని పేర్లను టెంప్లేటు రాసినచోటే తేల్చాలని 1998 ప్రమాణం చెప్పింది. జీసీసీ 2004లో వచ్చిన 3.4 వెర్షన్‌తో ఆ నియమాన్ని అమలు చేసింది. మైక్రోసాఫ్ట్ కంపైలర్ మాత్రం టెంప్లేటు ఒళ్ళంతా టోకెన్ల వరసగా దాచుకుని, ఎవరైనా వాడినప్పుడే పార్స్ చేసేది. దాంతో టెంప్లేటు తర్వాత ఎక్కడో ప్రకటించిన ఫంక్షన్ కూడా పోటీలోకి వచ్చేది. ఒకే సోర్సు ఒక కంపైలర్‌లో ఒక ఫంక్షన్‌ను, ఇంకో కంపైలర్‌లో వేరే ఫంక్షన్‌ను పిలిచేది, ఏ ఎర్రరూ లేకుండా. ఆ నియమాన్ని పాటించే ఏర్పాటు విజువల్ స్టూడియో 2017లో, అదీ కోరి ఎంచుకుంటేనే పనిచేసేలా, మొదలైంది. పాత పద్ధతి మీద ఆధారపడి రాసిన కోడ్ అంత పేరుకుపోయింది మరి.

‘పైథాన్, జావాస్క్రిప్ట్ పేర్లను రన్ టైములో తేలుస్తున్నాయి, అంతకన్నా ముందే కోడ్ జనరేషన్‌లో తేల్చేస్తే మాకేం తక్కువ’ అన్నది ఇంకో వాదన. ఇది వినడానికి గట్టిగా ఉంటుంది కాబట్టి జాగ్రత్తగా చూడాలి. రన్ టైములో తేల్చే భాషకు చేతిలో అసలు ఆబ్జెక్టు ఉంటుంది. పైథాన్‌లో చుక్క పెడితే ముందు ఆ ఆబ్జెక్టు క్లాసు వంశవృక్షంలో డేటా డిస్క్రిప్టర్ ఉందేమో చూడాలి, తర్వాత ఆబ్జెక్టు సొంత డిక్షనరీ, ఆ తర్వాత మిగతావి. ఇదంతా స్పష్టంగా రాసిపెట్టిన నియమం. కంపైలేషన్ సమయంలో తేల్చే భాషకు చేతిలో స్కోపులు, టైపులు ఉంటాయి. కోడ్ జనరేషన్ దశకు ఈ రెండింట్లో ఏదీ లేదు. స్కోపులు చెదిరిపోయాయి, ఆబ్జెక్టులు ఇంకా పుట్టలేదు. తేల్చడానికి ఆధారమంటూ ఏదీ లేని సమయాన్ని ఎంచుకుని అక్కడ తేలుస్తామనడం ఏ భాష నియమం?

పైథాన్ కంపైలర్ కూడా అలా చేయదు. ‘ఎ.బి.సి’లో ‘ఎ’ లోకలా, గ్లోబలా, బయటి ఫంక్షన్‌దా అన్నది బైట్‌కోడ్ పుట్టకముందే సింబల్ టేబుల్ కట్టే విడి దశ తేల్చేస్తుంది. ఫంక్షన్‌లో ఎక్కడో కింద ఒక పేరుకు విలువ ఇచ్చి, పైన దాన్నే చదివితే అన్‌బౌండ్ లోకల్ ఎర్రర్ రావడానికి కారణం ఈ దశే. ఆ తర్వాత ‘.బి’, ‘.సి’ల విషయంలో కోడ్ జనరేటర్ ఏమీ తేల్చదు. ఒక్కో చుక్కకు ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ రాసి, ఆ పేరుతో రన్ టైములో అడగమని వదిలేస్తుంది. మనవాళ్ళు ఆదర్శంగా చూపే భాషే వాళ్ళ పద్ధతిని పాటించడం లేదు.

జావాస్క్రిప్ట్‌లో రన్ టైము ప్రాపర్టీని కంపైలేషన్‌లోనే తేల్చాలని చూసినవాళ్ళున్నారు. గూగుల్ క్లోజర్ కంపైలర్ అడ్వాన్స్‌డ్ మోడ్‌లో ‘ఫూ.బార్’ లాంటి పేరును చదును చేసి ఒకే వేరియబుల్‌గా మారుస్తుంది, చుక్కతో రాసిన ప్రాపర్టీల పేర్లు కుదిస్తుంది. అదే ప్రాపర్టీని ఇంకోచోట కొటేషన్లలో స్ట్రింగుగా రాస్తే దాన్ని ముట్టుకోదు, ప్రోగ్రాము విరుగుతుంది. చదును చేసిన ఫంక్షన్‌లో ‘దిస్’ వాడి ఉంటే దాని అర్థం మారిపోతుంది. ఆ పరికరం చేసిన మేలు పెద్దదే, కానీ దాని పత్రాలే ప్రోగ్రామర్లకు కఠినమైన షరతులు పెడతాయి. అక్షరాల పోలికను బట్టి ప్రాపర్టీని గుర్తుపట్టినందుకు చెల్లించిన మూల్యం అది.

ఇక చివరి వాదన. ‘మాది చిన్న భాష. ప్యాకేజీలు లేవు, జెనరిక్‌లు లేవు, ఉన్నవి రికార్డులే.’ ఇలాంటి భాషలు ఎలా పెరుగుతాయో ఈ రంగంలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. మొదటి ఏడాది రికార్డులు. తర్వాత ఎవరో లెక్కగట్టి ఇచ్చే ఫీల్డు అడుగుతారు. ఇంకెవరో విలువ లేకపోతే ఊరుకునే ఫీల్డు అడుగుతారు. కోడ్ జనరేటర్‌లో ఒక్కో కోరికకు ఒక్కో ‘ఇఫ్’ చేరుతుంది. ఆ పైన రెండో టార్గెట్ వస్తుంది. అప్పటిదాకా జావా కోడ్ పుట్టించిన రూల్ భాష, ఇప్పుడు అవే రూల్స్‌ను ఎస్‌క్యూఎల్‌గా కూడా మార్చాలి. ‘కస్టమర్.ఆర్డర్.మొత్తం’ ఒకచోట నల్ పరీక్షలతో కూడిన గెటర్ పిలుపులు, మరోచోట జాయిన్. పేరు తేల్చే బాధ్యత జనరేటర్‌దే అయితే ఇప్పుడు తేల్చేవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరి జవాబులూ ఎప్పటికీ ఒకటే అయి ఉంటాయని పూచీ ఇచ్చేవాళ్ళు లేరు.

ఎస్‌క్యూఎల్ విషయంలో ప్రమాదం ఇంకా లోతైనది. తేల్చని పేరును అలాగే ఎస్‌క్యూఎల్ పాఠంలో రాసి పంపితే, దాన్ని మూడో మనిషి, అంటే డేటాబేస్, తన స్కోపు నియమాలతో కొత్తగా తేలుస్తుంది. కస్టమర్ల టేబుల్ నుంచి ‘కస్టమర్_ఐడీ’ నిషేధిత టేబుల్‌లోని ‘కస్టమర్_ఐడీ’ల్లో ఉన్నవాళ్ళను తొలగించమని డిలీట్ రాశారనుకోండి. నిషేధిత టేబుల్‌లో ఆ కాలమ్ పేరు నిజానికి ‘ఐడీ’. లోపలి క్వెరీలో ‘కస్టమర్_ఐడీ’ దొరక్కపోతే డేటాబేస్ ఎర్రర్ ఇవ్వదు, బయటి క్వెరీలోకి వెళ్ళి కస్టమర్ల టేబుల్‌లోని కాలమ్‌ను పట్టుకుంటుంది. ప్రతి కస్టమర్ ఐడీ దానికదే సమానం. నిషేధిత టేబుల్‌లో ఒక్క వరస ఉన్నా చాలు, ఐడీ ఉన్న ప్రతి కస్టమరూ తుడిచిపెట్టుకుపోతారు. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ అన్నీ ఇలాగే చేస్తాయి, ప్రమాణం చెప్పింది అదే. రూల్ కంపైలర్ ఆ పేరును ముందే ఒక కాలమ్ డిక్లరేషన్‌కు కట్టి, టేబుల్ పేరుతో సహా రాసి ఉంటే, కాలమ్ లేదన్న సంగతి కంపైల్ చేసినప్పుడే బయటపడేది.

ఖర్చు గురించి అడుగుతారు. తేల్చిన పేరుకు ట్రీలో చేరేది డిక్లరేషన్‌ను చూపే ఒక పాయింటర్. 64 బిట్ల యంత్రంలో ఎనిమిది బైట్లు. దానికి బదులుగా ఎర్రర్ సందేశం సోర్సులో సరైన లైనును చూపిస్తుంది, ఎవరూ పిలవని ఫంక్షన్‌లోని తప్పు కూడా దొరుకుతుంది, ఎడిటర్‌లో పేరు మీద నొక్కితే డిక్లరేషన్‌కు వెళ్ళే సౌకర్యం అదే పనితో సమకూరుతుంది. పేర్లు తేల్చే తెలివి కోడ్ జనరేటర్‌లోనే ఇరుక్కుంటే, ఎడిటర్ కోసం ఇంకో టీము ఇంకో రిజాల్వర్ రాస్తుంది. అప్పుడు ఎడిటర్ ఒకదాన్ని చూపిస్తుంది, కంపైలర్ ఇంకోదాన్ని వాడుతుంది.

కోడ్ జనరేటర్‌కు చేతినిండా పని ఉంది, అది గౌరవమైన పని. సీ కంపైలర్ క్లాంగ్‌లో చుక్క ఉన్న ఎక్స్‌ప్రెషన్ తన ఫీల్డు డిక్లరేషన్‌ను వెంట తెచ్చుకుంటుంది. జనరేటర్ ఆ డిక్లరేషన్‌ను రికార్డు లేఅవుట్‌కు చూపించి ఎల్ఎల్‌విఎమ్‌లో ఎన్నో స్థానమో తెలుసుకుంటుంది. ఎల్ఎల్‌విఎమ్ స్ట్రక్చర్లలో ఫీల్డులకు పేర్లే ఉండవు, స్థానాలే ఉంటాయి. జావాలో కూడా తేలిన ఫీల్డును క్లాసు ఫైలులో ఏ క్లాసు పేరుతో రాయాలన్న చిన్న సర్దుబాటు ‘జెన్’ చేస్తుంది, కానీ చేతిలో సింబల్ పెట్టుకుని చేస్తుంది. ‘ఎక్కడ’ అన్న ప్రశ్నను ఎంత ఆలస్యం చేసినా నాకు అభ్యంతరం లేదు. 2007లో మ్యాక్ ఓఎస్ 10.5తో వచ్చిన ఆబ్జెక్టివ్-సీ 64 బిట్ల రన్ టైము ఫీల్డుల ఆఫ్‌సెట్లను లోడయ్యే వేళకు వాయిదా వేసింది. దానివల్ల మాతృ క్లాసుకు కొత్త ఫీల్డు చేర్చినా పిల్ల క్లాసులను మళ్ళీ కంపైల్ చేయనక్కర్లేకుండా పోయింది. గొప్ప మేలు అది. అక్కడ కూడా ఏ ఫీల్డు అన్నది కంపైలర్ ముందే తేల్చేసింది. చోటు ఒక్కటే తర్వాత తేలింది.

కంపైలర్ రాస్తున్నవాళ్ళకూ నేర్పుతున్నవాళ్ళకూ నా విన్నపం ఒకటే. మీ ట్రీ కోడ్ జనరేటర్‌లో అడుగుపెట్టే ముందు, చుక్కల ఎక్స్‌ప్రెషన్లలో ఉన్న పేర్ల స్ట్రింగులన్నీ ఖాళీ చేసి చూడండి. టార్గెట్‌కు పేరు కావాల్సి వస్తే డిక్లరేషన్‌ను అడిగి తీసుకోనివ్వండి. అప్పుడు కూడా అదే కోడ్ పుడితే మీ కంపైలర్ సరిగ్గా ఉన్నట్టు. పుట్టకపోతే ఎక్కడ ఆగిందో అక్కడ ఒక పేరు ఇంకా తేలకుండా మిగిలి ఉంది. ఆ వెతుకులాటను టైప్ చెకర్ పక్కకు జరపండి. రన్ టైముకు వదలాల్సిన పేరైతే ఆ మాటను ట్రీలో స్పష్టంగా గుర్తు పెట్టండి. కాలేజీ లాబులో యాక్ చర్యల్లో నేరుగా కోడ్ రాయించే అభ్యాసాన్ని మానేసి, పేర్లు కట్టే దశను పిల్లల చేత విడిగా రాయించండి.